కాలువ మోసుకొచ్చిన ఊరు: ఏలూరు పురపాలనకు 160 ఏళ్ల అభినందన

ఏలూరు పురపాలక సంఘం ఏర్పడింది 1866లో. ఆ ఏడు ఉగాదితో అక్షయ నామ సంవత్సరం మొదలైంది. ఆ పేరు బలమో, ఊరి జనం చలవో, అప్పుడు మొదలైన పురపాలన నేటికి 160 ఏళ్లు నిండి నగరపాలక సంస్థగా నిలబడింది. ఈ పండగవేళ అధ్యక్షుల పేర్లు, శంకుస్థాపనల శిలాఫలకాలు ఎలాగూ తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. నేను మాత్రం ఈ అభినందనను కలపతో మొదలుపెడతాను. ఊరంటే ముందు ఇళ్లు. ఇల్లంటే దూలం, వాసం, ద్వారబంధం. ఇవి చాలావరకు ఏలూరు నేలలో పండలేదు. నీళ్ల మీద వచ్చాయి. ఆ నీటిదారి చుట్టూ పెరిగిన ఊరు కాబట్టే ఏలూరు చరిత్ర నాకు అంత ఇష్టం.

డెల్టా నేల వరికి పెట్టింది పేరు. గట్ల మీద తాడి, దొడ్లలో కొబ్బరి, పుంతల్లో తుమ్మ, చెరువుగట్టున రావి. పెద్ద ఇంటికి సరిపోయే చేవగల మాను మాత్రం దొరకదు. అది కావాలంటే కొండలకే వెళ్లాలి. పోలవరం దాటి పాపికొండల్లోకి, ఇంకా ఎగువన భద్రాచలం, రేకపల్లి అడవుల్లోకి. టేకు, నల్లమద్ది, జిట్రేగి, వేగి, కొండతంగేడు అక్కడివి. అడవికీ డెల్టాకీ మధ్య ఉన్న దూరాన్ని గోదావరి కలిపింది. గోదావరికీ ఏలూరుకీ మధ్య ఉన్న దూరాన్ని మనిషి తవ్విన కాలువ కలిపింది.

అయితే ఈ ప్రాంతానికి కలపతో ఉన్న చుట్టరికం కాలువకంటే చాలా పాతది. దానికి సాక్ష్యం చెక్కలో కాదు, రాతిలో ఉంది. ఏలూరుకు 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండ మీద గుంటుపల్లి బౌద్ధగుహలున్నాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటివి. అక్కడి గుండ్రటి చైత్యగుహలో నిలబడి తల పైకెత్తి చూడండి. కప్పు లోపలివైపు నడినెత్తి నుంచి చుట్టూ దిగుతున్న వాసాలు కనిపిస్తాయి. అవి చెక్కవి కావు. కొండను తొలుస్తూ రాతిలోనే వాసాలు మిగిల్చారు. రాతి గుహకు వాసాలతో పనేముంది? కప్పు దానంతట అదే నిలుస్తుంది. అయినా చెక్కారంటే, ఆ శిల్పులు అంతకుముందు చూసిన చైత్యాలు, తాము పుట్టిన ఇళ్లు చెక్కతో కట్టినవి. కప్పు అంటే వాసాలు ఉండాల్సిందే అని వాళ్ల చేతులకు తెలుసు. ఆ చెక్క భవనాలన్నీ చెదలకీ వానకీ పోయాయి. వాటి పనితనం మాత్రం ఆ రాయి మీద మిగిలింది. మన జిల్లాలో వడ్రంగానికి ఇంతకంటే పాత ప్రశంసాపత్రం నాకు తెలియదు.

గుంటుపల్లి తర్వాత వేంగి. శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన ఆ రాజధాని ఇప్పుడు ఏలూరు పక్కనున్న పెదవేగి. ఆ తర్వాత సర్కారుల కాలం. ఉత్తర సర్కారులు అయిదింటిలో ఒకదానికి ఏలూరు పేరే పెట్టారు. ఆ వైభవాలు చెప్పడానికి చరిత్రకారులున్నారు. నేను కరువు దగ్గరికి వస్తాను.

1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును తెలుగువాళ్లు డొక్కల కరువు అన్నారు. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే జనం తిండిలేక చచ్చిపోయారు. ఆ దశాబ్దంలోనూ ఆ తర్వాతా గోదావరి ప్రాంతపు మనుషులు ఊళ్లొదిలి పోయారు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పుట్టింది ఆ నేపథ్యంలోనే. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తయింది. కాటన్ కాలువల్ని సాగునీటికోసం మాత్రమే తలపెట్టలేదు. నీరు పారే కాలువ సరుకు మోసే దారి కూడా కావాలని ఆయన పట్టుబట్టాడు. మన ఏలూరు ఆ పట్టుదల ఫలం. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు చేరుతుంది. అటు బెజవాడ నుంచి కృష్ణ నీళ్లు మోసుకుంటూ ఇంకో కాలువ వస్తుంది. రెండు నదులూ మనిషి తవ్విన దారుల్లో నడిచొచ్చి మన ఊళ్లో కలుసుకున్నాయి. ఉత్తరాన కాకినాడ నుంచి బయల్దేరిన పడవ రాజమండ్రి, ఏలూరు, బెజవాడ దాటి, కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పోగలిగేది. ఆ దారి మధ్యలో ఏలూరు ఒక మజిలీ.

ఆ దారిలో ధాన్యం పోయేది, ఉప్పు వచ్చేది, బెల్లం, పొగాకు, మనుషులు, పెళ్లివారు, అందరూ పోయేవారు. కొండల నుంచి దిగివచ్చే కలప ప్రయాణం మాత్రం వేరు. అది చెప్పుకోదగినది.

ఎండాకాలంలో కొండల్లో మాను కొట్టేవారు. కోయల చేతి గొడ్డలి, దున్నల బలం అక్కడ పెట్టుబడి. దుంగను దున్నలతో వాగు ఒడ్డుకి ఈడ్పించి వరదకోసం కాచుకునేవారు. పచ్చి టేకు నీళ్లలో తేలదు. మద్ది, కొండతంగేడు సరేసరి, రాళ్లలా మునుగుతాయి. అందుకని బరువు దుంగలకు రెండువైపులా వెదురు కట్టలు బిగించేవారు. వెదురు తనూ అమ్ముడుపోయే సరుకే. దుంగను తేలుస్తూ తనూ ఊరు చేరేది. నాలుగు దుంగలు, పది దుంగలు కలిపి కడితే తెప్ప. తెప్ప మీద మనుషులు, వాళ్ల వంట, వాళ్ల నిద్ర. పాపికొండల దగ్గర గోదావరి సన్నబడి లోతుగా, వేగంగా పారుతుంది. సుడులుంటాయి. అక్కడ గెడ పట్టినవాడి కంటిచూపు మీదే సరుకూ ప్రాణాలూ ఆధారపడతాయి. కొండలు దాటి పోలవరం వచ్చేసరికి నది వెడల్పవుతుంది. అక్కడ ఊపిరి పీల్చుకునేవారు.

కాలువలోకి దిగాలంటే లాకులు దాటాలి. లాకు గదిలో పట్టేటంత కొలతకే తెప్పను విడగొట్టి మళ్లీ కట్టుకోవాలి. ఎగువ తలుపులు తెరిచి తెప్పను లోపలికి తోసి, తలుపులు మూసి, నీరు కిందికి వదిలి, దిగువ మట్టానికి వచ్చాక రెండో తలుపులు తీస్తారు. ఇదంతా ఒక్కో లాకు దగ్గరా జరగాలి. ఏటా ఎండాకాలం మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు కాబట్టి ఈ ప్రయాణాలన్నీ వానాకాలం, శీతాకాలాల్లోనే. లాకు దాటాక వరద ఊపు ఉండదు. అక్కడి నుంచి గెడ, ఒడ్డున నడుస్తూ తాడు లాగే మనిషి భుజం. ఇన్నాళ్లు నీళ్లలో నానిన కలపకు ఒక మేలు జరిగేది. మానులోని పసరు దిగిపోయి, ఆరాక పురుగు పట్టడం తగ్గేది. నీళ్లలో వచ్చిన కలప నమ్మకమైనదని పాత వడ్రంగులు అనడం ఊరికే కాదు.

రేవుకు చేరిన దుంగ అడితికి, అడితి నుంచి కోతకు. సామిల్లులు రాకముందు కోత అంటే ఇద్దరు మనుషులు, ఒక రంపం. దుంగను ఎత్తున నిలిపి, రంగునీళ్లలో ముంచిన తాడును దాని మీద లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీత వెంట పైన ఒకడు, కింద ఒకడు. పైవాడు గీత తప్పకుండా చూస్తాడు. కిందివాడి కళ్లలో, నోట్లో పొట్టు పడుతుంది. వాళ్లు రోజంతా ఆ తీరుగా కోసిన పలకలే మన తాతల ఇళ్ల తలుపులు.

ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి పండింది. వరి పండితే డబ్బొచ్చింది. డబ్బొస్తే తెలుగు రైతు మొదట ఇల్లు కడతాడు. ఏలూరు చుట్టుపక్కల మండువా లోగిళ్లు అలా లేచాయి. నాకు తెలిసిన ఒక పాత మండువా ఇంట్లో స్తంభాన్ని దగ్గరగా చూశాను. అడుగున నల్లరాతి దిమ్మ. చెక్క నేలను తాకదు, అందుకని చెమ్మ ఎక్కదు, చెద ఎక్కదు. దిమ్మ మీద చదరంగా మొదలైన స్తంభం నడుము దగ్గర ఎనిమిది పలకలై, పైన మళ్లీ చదరమై, బోదె మీద దూలాన్ని మోస్తుంది. దూలానికీ స్తంభానికీ ఇనప మేకు లేదు. కుసి, బెజ్జం. అంతే. బాడిత దెబ్బల గాట్లు దూలం పైవైపు, ఎవరికీ కనపడని చోట, చిత్రిక పట్టకుండా అలాగే ఉన్నాయి. కనపడేవైపు అద్దంలా నునుపు. నాలుగువైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు నుంచి వాన మండువాలో పడి తూములోంచి వీధిలోకి పోతుంది. ఆ ఇంటివారు ఈ స్తంభం ఏ అడవిదో చెప్పలేరు. చెట్టు కొట్టినవాడి పేరూ తెప్ప నడిపినవాడి పేరూ ఏ దస్తావేజులోనూ లేవు.

మండువా ఇళ్లు ఉన్నవారివి. మిగతావారి ఇల్లు తాడిచెట్టు. ముదురు తాడిని నిలువునా చీల్చితే దూలాలు, వాసాలు. ఆకు కప్పుకి. కాయ, తేగ, బెల్లం తిండికి. తాడి స్వభావం మిగతా చెట్లకి తిరగేసినట్టుంటుంది. మిగతావాటికి చేవ లోపల, తాడికి చేవ బయట. లోపలంతా మెత్తటి పీచు. కొల్లేటి మనిషి ఆ స్వభావాన్ని కనిపెట్టి దోనె చేసుకున్నాడు.

తాటిదోనెకి ఎంచే చెట్టు మొదలు ఉబ్బి బొద్దుగా ఉండాలి. కొట్టి, పడుకోబెట్టి, ఒకవైపు తెరిచి లోపలి మెత్తదనాన్ని తోడేస్తారు. పైనున్న గట్టి చేవే దోనె గోడ. మొదలు ఉబ్బు ఒక చివరను మూసేస్తుంది. రెండో చివర తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ బంకమన్ను మెత్తి కట్ట వేస్తారు. ఒక మనిషి, ఒక గెడ, ఒక వల, రెండు మావులు. అంతే పరికరం. కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి వేటకీ, బడికీ, ఆస్పత్రికీ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికీ లంక గ్రామాలవాళ్లకి దోనే గతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి నింపిన నీటిని ఉప్పుటేరు సముద్రంలోకి వదిలే ఆ మంచినీటి సరస్సు పక్కన లేకపోతే ఏలూరు బజారు ఏలూరు బజారయ్యేది కాదు. చేపల బుట్ట ఊళ్లోకి వచ్చింది, బియ్యం మూట కొల్లేటిలోకి పోయింది.

ఇంత రాకపోకల ఊరికి ఎవరో ఒకరు వీధి ఊడ్వాలి, దీపం పెట్టాలి, మురుగు తీయాలి. 1865లో మద్రాసు పట్టణాల అభివృద్ధి చట్టం వచ్చింది. దాని కింద మరుసటేడు ఏలూరు, రాజమండ్రి, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో పురపాలన మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తీరం అంతా ఆ దుఃఖంలో ఉన్న రోజులవి. తొలినాళ్ల సంఘంలో సభ్యులు సర్కారు నియమించినవాళ్లే. జిల్లా కలెక్టరే అధ్యక్షుడు. వసూలైన పన్నులోంచి పోలీసు ఖర్చు కూడా భరించాల్సి వచ్చింది. 1871 చట్టంతో బడులూ ఆస్పత్రులూ దాని బాధ్యతలోకి వచ్చాయి. 1884 చట్టం ఎన్నికలకి దారి వేసింది. ఊరి సంగతి ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకునే అలవాటు అలా మొదలైంది. ఆ అలవాటునే నేను ఇవాళ మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. జిల్లా మారింది, దొర మారాడు, రాష్ట్రం మారింది. వీధిదీపం గురించి సభ్యుడు లేచి అడగడం మాత్రం మానలేదు.

జిల్లాల సంగతికొస్తే ఏలూరు మార్చినన్ని చిరునామాలు మార్చిన ఊరు అరుదు. 1859 నుంచి గోదావరి జిల్లా. 1904లో కృష్ణా జిల్లాలోకి. 1925లో కృష్ణను చీల్చి పశ్చిమ గోదావరి ఏర్పరిస్తే ఏలూరు దానికి ముఖ్యపట్టణం. 2005లో నగరపాలక సంస్థ. 2022 ఏప్రిల్ 4న సొంత పేరుతో ఏలూరు జిల్లా.

ఇక కాలువకు పోటీగా 1893లో బెజవాడ నుంచి గోదావరి ఒడ్డుదాకా రైలు నడిచింది. 1900లో గోదావరి మీద వంతెన తయారై రైలు ఆవలి ఒడ్డుకు దాటింది. కాలువ ఒక్కరోజులో ఓడిపోలేదు. బరువు సరుకు, తొందరలేని సరుకు చాలాకాలం నీటినే నమ్ముకుంది. కానీ కలప అడితి కొత్త దారులు చూసుకుంది. కాకినాడ రేవుకి బర్మా టేకు దిగేది. రంగూన్ వెళ్లి సంపాదించిన తెలుగువాళ్లు తిరిగొచ్చి రంగూన్ టేకుతో ఇళ్లు కట్టుకోవడం ఒక గొప్ప. 1942 మార్చిలో జపాను సేనలు రంగూన్ పట్టుకోవడంతో ఆ ఓడలు ఆగాయి. మనవాళ్లు కాలినడకన అడవులు దాటి ఇళ్లు చేరారు. యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే పరిచారు. యుద్ధం పోయింది. గూడెం మాత్రం ఉల్లిపాయల టోకు బజారుగా పేరు తెచ్చుకుంది. కాలువ, రైలు, రోడ్డు మూడూ పక్కపక్కనే పోయే ఊరికి వ్యాపారం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఏలూరులో చెక్క ఇంటికే పరిమితం కాలేదు. తంగెళ్ళమూడి వైపు వెళ్లి తివాచీ మగ్గం చూడండి. నిలువుగా నిలబెట్టిన రెండు గట్టి కొయ్యలు, అడ్డంగా రెండు దూలాలు, వాటి మధ్య బిగిసిన పడుగు. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్లు ఇక్కడ స్థిరపడి తెచ్చిన విద్య ఇదని తరతరాలుగా చెప్పుకుంటారు. ఒక్కో ఉన్ని దారాన్ని పడుగు పోగులకు ముడివేసి, కత్తితో కోసి, మళ్లీ ఇంకో ముడి. అంగుళం పెరగడానికి ఎన్ని ముడులో నేతగాడి వేళ్లకే తెలుసు. ఇరవయ్యో శతాబ్దంలో శ్రీకృష్ణా జూట్ మిల్లు కూత ఊరి గడియారమైంది. ఎన్ని కుటుంబాలకు అది అన్నం పెట్టిందో ఊళ్లో పాతవాళ్లని అడగండి.

ఊరి చెక్కపనిని పండగలో చూడాలంటే గంగానమ్మ జాతర రావాలి. ఏడేళ్లకోసారి వచ్చే ఆ జాతరలో వీధివీధికీ అమ్మవారికి మేడ కడతారు. కర్రలు పాతి, చెక్కలు బిగించి, రంగులు వేసి, ఎత్తుగా లేపిన ఆ మేడలో అమ్మ నెలల తరబడి కొలువుంటుంది. జాతర అయ్యాక మేడను విప్పేస్తారు. మళ్లీ ఏడేళ్లకి కొత్తగా కడతారు. నక్షా ఏదీ ఉండదు. కట్టినవాళ్ల పక్కన నిలబడి చూసిన కుర్రాళ్లే మరుసటిసారి కట్టేవాళ్లు. పనితనం చేతినుంచి చేతికి పోయే పద్ధతిని ఇంత భక్తిగా కాపాడుకున్న ఊరిని మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

పండగపూట కష్టం మాటెత్తకూడదని కొందరంటారు. నేనలా అనుకోను. 2020 డిసెంబరులో ఈ ఊళ్లో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కరోనా భయం ఇంకా పోని రోజులు. అప్పుడు ఇంటింటికీ తిరిగినవాళ్లు, ఆస్పత్రిలో రాత్రింబవళ్లు నిలబడ్డవాళ్లు, నీళ్ల నమూనాలు పట్టినవాళ్లు, వీధులు కడిగినవాళ్లు ఈ ఊరి మనుషులే. 1866 నాటి సంఘం మొదటి పని మురుగు, నీరు. ఇవాళ్టికీ అదే మొదటి పని. తమ్మిలేరుకు వరదొచ్చినప్పుడు గట్టు మీద ఇసుక బస్తా వేసే చేతికీ ఆ 160 ఏళ్లలో వాటా ఉంది.

ఏలూరు కాలువను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. మళ్లీ సరుకు పడవలు చూస్తామని ఆశ నాకు ఉంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దొరికింది. కొల్లేటి ఆటపాకకు వచ్చే గూడబాతులు ఆ గుర్తింపు కాగితాలేవీ చూసి రావు. నీళ్లుంటే వస్తాయి. లంకల్లో ఇప్పుడు ఫైబరు పడవలు, మోటారు పడవలు. పాత మండువా ఇళ్లు విప్పుతున్నారు. విప్పిన ద్వారబంధాలూ స్తంభాలూ పాతకలప దుకాణాలకు చేరి, అక్కడి నుంచి హైదరాబాదు హోటళ్లకు అలంకారంగా పోతున్నాయి. అమ్ముకునేవారిని తప్పుపట్టను. కప్పు కారుతుంటే ఎవరికైనా స్లాబే ముద్దు. అయితే ఒక్క మండువా ఇల్లయినా, ఒక్క తాటిదోనె అయినా, ఒక్క తివాచీ మగ్గమయినా ఊళ్లోనే నిలిపి పిల్లలకు చూపించే ఏర్పాటు ఈ ఉత్సవాల్లో జరగాలని గట్టిగా అడుగుతున్నాను. గుంటుపల్లి శిల్పి వాసాలను రాతిలో దాచిపెట్టాడు కాబట్టి మనకు తెలిశాయి. మన వాసాలను ఎక్కడ దాస్తున్నాం?

ఏలూరు నగరపాలక సంస్థకు, దాని పారిశుధ్య సిబ్బందికి, నీటి విభాగం ఉద్యోగులకు, ఎన్నికైన సభ్యులకు 160వ ఏటి హృదయపూర్వక అభినందనలు. ఉత్సవాల వేదిక మీద శాలువాలు కప్పే కార్యక్రమం ఉంటుంది కదా. పాలకవర్గం వారికి నాదొక విన్నపం. మొదటి శాలువా, ఊపిరితిత్తుల నిండా పొట్టు పీల్చి పదవీ విరమణ అన్నమాట లేకుండా పనిచేసిన సామిల్లు పెద్దాయన ఎవరినైనా పిలిచి కప్పండి. రెండోది తంగెళ్ళమూడిలో ముడులు వేసే అమ్మకు. మూడోది మేడ కట్టే వడ్రంగికి. నాలుగోది కొల్లేటి లంక నుంచి దోనె నడపడం ఇంకా మరచిపోని తాతకు. ఆయన్ని తీసుకురావడానికి కారు పంపండి, వెనక్కి దిగబెట్టండి, పక్కన మనవణ్ని కూడా కూర్చోబెట్టండి.